రెండో ద్వారపాలకుడి చేయి

సురేంద్రకు మెరిసే బొమ్మలంటే అసహ్యం. వృత్తి మాత్రం బొమ్మలు గీయడమే.

పాములపాడు రైతు కుటుంబంలో పుట్టి, నంద్యాలలో పాలిటెక్నిక్ చదివి, అక్కడే కొన్నేళ్లు ఇళ్ల ప్లాన్లు గీశాడు. ఏ గోడ బరువు మోస్తుందో అడిగినవాడు లేడు. గేటు ముందు ఆ నేలలో మొలవని చెట్లు, లోపల ఎవరిదో ఎర్రకారు పెట్టి కంప్యూటర్ తయారుచేసిన చిత్రాన్ని మాత్రం ఇల్లు కట్టించుకునేవాళ్లు ఫోన్లో పెద్దది చేసి చూసుకునేవారు. కనిపించడమే ఉండడమా అన్నది తత్త్వచర్చలో ఒక ప్రశ్న. అంగట్లో అది సరుకు. ఆ రోత భరించలేక ఆళ్లగడ్డలో ఒక శిల్పశాలలో చేరాడు. తెరమీద మూర్తిని మలిచి, రాతిని చెక్కే యంత్రానికి ఫైలు ఇవ్వడం అతని పని. నగిషీ మాత్రం ఇప్పటికీ చేతి ఉలిదే.

గడివేముల నుంచి దాసరయ్య అనే పెద్దాయన ఊరి గుడికి ఇద్దరు ద్వారపాలకులు కావాలని వచ్చాడు. ఒకరి గద కుడిచేత, రెండోవారిది ఎడమచేత ఉండాలి. చేత్తో చెక్కేవాళ్లు రెండో మూర్తిని మళ్లీ మొదటి నుంచి గీసుకుంటారు. యజమాని ప్రదీప్‌కు అంత ఓపిక లేదు. సురేంద్ర సెలవులో ఉన్న రోజు తానే మొదటి మూర్తిని అద్దంలో ప్రతిబింబంలా తిప్పి రెండోది చేశాడు.

కంప్యూటర్‌లో ప్రతి ఉపరితలానికీ లోపలి ముఖం, వెలుపలి ముఖం అని రెండుంటాయి. తిప్పినప్పుడు గద పట్టిన చేతికి అవి తారుమారయ్యాయి. తెరమీద ఆ చేయి నల్లటి మచ్చగా కనిపించింది. ప్రదీప్ కారణం వెతకలేదు. రెండు ముఖాలకూ ఒకే రంగు చూపించే మీట నొక్కాడు. మచ్చ మాయమైంది. చిత్రం దాసరయ్య ఫోనుకు, ఫైలు యంత్రానికి వెళ్లాయి. యంత్రానికి చిత్రంతో పనిలేదు. లోపలిదాన్నే వెలుపలనుకొని చెక్కింది. ఎత్తుగా నిలవాల్సిన ముంజేయి గుంట పడింది.

సురేంద్ర తిరిగివచ్చి ఆ మీట తీసేయగానే మచ్చ బయటపడింది. ముఖాలు సరిచేసి కొత్త ఫైలు తీశాడు. అప్పటికే ప్రదీప్ గుంటలో రాతిపొడి, జిగురు కలిపి నింపి, ముంజేతిని నునుపు చేయించాడు. శాలంతా జిగురు వాసన.

"ఏందప్పా అట్ల చూస్తాండావ్? కండ్లు చించుకున్యా అతుకు యాడుందో కనపడదు," అన్నాడు ప్రదీప్.

"కనపడకపోతే లేనట్లేనా అన్నా?"

"నోరు మూసుకోనుంటే నీ పని నీకుంటాది."

విరిగినా అతుకు పడినా మూర్తి భిన్నమైనట్టేననీ, దాన్ని గుడిలో నిలపరనీ ఇద్దరికీ తెలుసు. నోరు విప్పితే సురేంద్రకు కొలువు పోతుంది. విప్పకపోతే గడివేముల వాళ్లు తరతరాలపాటు జిగురుకు దండం పెట్టుకుంటారు. మధ్యలో తానొకడు. ప్రదీప్ మీద కలిగిన ఏవగింపు క్రమంగా తన మీదికే మళ్లింది.

మూర్తిని అప్పగించే ముందు కొనేవాళ్ల ఎదుట బిందెడు నీళ్లు పోయడం ఆ శాలలో ఆనవాయితీ. రాయి అంతా ఒకటే అయితే ఒకే రంగులో తడుస్తుంది. దాసరయ్య ఊరివాళ్లతో మూర్తులు తీసుకెళ్లడానికి వచ్చిన రోజు ప్రదీప్ ఆ ఊసెత్తలేదు. మూర్తులకు పూలమాలలు వేసి, ముహూర్తం దాటిపోతుందని తొందరపెట్టి, ఫోటో దిగుదాం రమ్మన్నాడు. అందరూ ఫోను వైపు తిరిగారు. సురేంద్ర బిందె తెచ్చి రెండో మూర్తి భుజం మీద కుమ్మరించాడు.

రాయి నల్లబడింది. ముంజేయి మాత్రం బూడిదరంగులోనే ఉండిపోయింది.

దాసరయ్య దగ్గరికొచ్చి వేలితో రుద్దాడు. "ఇదేందప్పా?"

"అతుకు, పెద్దాయనా. ఆడ రాయి లేదు."

"నీకు ముందే తెల్సునా?"

"తెల్సు."

దాసరయ్య మెచ్చుకోలేదు. తెలిసీ మూర్తికి మాల పడేదాకా ఎందుకు ఊరుకున్నావన్నట్టు చూశాడు. ఆ చూపు న్యాయమైనదే. తర్వాత ప్రదీప్ వైపు తిరిగి, కొత్తరాయి పెట్టాలనీ, చెక్కేటప్పుడు తమ ఊరివాడొకడు పక్కనుంటాడనీ చెప్పాడు. ప్రదీప్ సురేంద్రను రేపటినుంచి రావద్దన్నాడు.

దీన్ని ధైర్యమనడానికి నాకు మనసొప్పదు. ఆ జిగురు వాసన ఇక అతనికి సయించలేదు, అంతే. వెళ్లేముందు సరిచేసిన ఫైలును యంత్రంలో ఎక్కించాడు. చిత్రం జతచేయలేదు. నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక చొక్కా వాసన చూసుకున్నాడు. జిగురు ఇంకా వదల్లేదు.