కార్డున్న ఇంటికి రగ్బీ చుట్టాలు

2011. వినాయక చవితి అయిపోయింది, దసరా ఇంకా రాలేదు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో మాత్రం పని ఆగలేదు. అక్కడ పనిచేసేవాళ్లకు సాయంత్రమైతే టీవీ కావాలి, టీవీకి మేం కావాలి. కొండాపూర్‌లో ఒక సందు మొదట్లో మాకు డిష్ కనెక్షన్ల దుకాణం ఉండేది. మా ఆయనకు బాలానగర్‌లో వర్క్‌షాపు ఉద్యోగం, దుకాణం పూర్తిగా నాది. ఆడమనిషి మిద్దెక్కి డిష్ బిగిస్తుందా అని మొదట్లో నవ్వినవాళ్లున్నారు. వాన కురిసి బొమ్మ పోయిన రోజున ఫోను నాకే చేశారు.

మాది కడప. నా దగ్గర పనిచేసే అంజయ్యది మెదక్ జిల్లా. నాకంటే ఏడాదో రెండేళ్లో చిన్న, పనిలో దిట్ట, ఉద్యమమంటే ప్రాణం. పొద్దున ధర్నాలో కూర్చుని మధ్యాహ్నం పనికి వచ్చేవాడు. "ఫికర్ జేయకక్కా, తెలంగాణ వచ్చినంక గూడ మీ కడపోళ్లకు కనెక్షన్లు ఇస్తం" అనేవాడు. "ముందు ఆ నిచ్చెన సరిగ్గా పట్టుకో నాయనా" అనేదాన్ని నేను. మా మధ్య రాజకీయం అంతవరకే.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. సెట్‌టాప్ బాక్సులో దూర్చే చిన్న వ్యూయింగ్ కార్డు ఉంటుంది. ఏ చానళ్లకు డబ్బు కట్టామో అవి మాత్రమే తెరిచే తాళంచెవి అది. ఇంటి కార్డు వేరు, కమర్షియల్ కార్డు వేరు. హోటళ్లు, క్లబ్బులు, గెస్ట్‌హౌసులు నలుగురికీ చూపించాలంటే కమర్షియల్ తీసుకోవాలి, అది ఖరీదు. ఇంటి కార్డున్న ఇంటికి చుట్టాలు ఎంతమంది వచ్చినా కంపెనీ పట్టించుకోదు. అదే కార్డు హోటలు హాల్లో పెడితే ఊరుకోదు. ఎలా తెలుస్తుందంటే, మ్యాచ్ మధ్యలో తెర మీద ఏదో మూల ఒక అంకెల వరస మెరిసి మాయమవుతుంది. దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు. అది ఆ కార్డు నంబరు. ఆట చూసేవాడికి అది కనిపించదు, కంపెనీ మనిషికి అదే కనిపిస్తుంది.

మా దుకాణానికి నాలుగు వీధుల అవతల ఒక గెస్ట్‌హౌస్. ఐటీ కంపెనీలకు పని మీద వచ్చే విదేశీయులు అక్కడ నెలల తరబడి ఉండేవారు. మేనేజరు ప్రసాద్ గారిది భీమవరం వైపు. మనిషి మంచివాడే గానీ, రూపాయి ఇవ్వాల్సిన చోట అర్ధరూపాయి ఇచ్చే మనిషి. ఆ నెల న్యూజిలాండ్‌లో రగ్బీ ప్రపంచ కప్ మొదలైంది. ఆయన గెస్టులు అన్నం కన్నా ముందు రగ్బీ అడిగారు. ఆ చానల్ స్పోర్ట్స్ ప్యాక్‌లో ఉంది, విడిగా డబ్బు కట్టాలి.

"మేడమ్ గారూ, నేనుండే పై గదికి ఇంటి కనెక్షన్ ఇవ్వండి చాలు. నా పేరు మీదే అండి" అన్నారు ప్రసాద్ గారు.

"పై గదికైతే ఇస్తా. అది కింద డైనింగ్ హాల్లోకి దిగిందంటే మాత్రం నాకు ఫోను చేయొద్దు."

"అబ్బే, ఎందుకు దిగుతుందండీ" అన్నారు. అన్నంతసేపు పట్టలేదు, దిగింది.

అంజయ్య, నేను పై గదిలో బాక్సు బిగించి వస్తుంటే మెట్ల దగ్గర గెస్టులు పోగై ఉన్నారు. ఆట చూడటానికి డబ్బు కట్టడమేమిటని చర్చ. స్కాట్లండ్ ఆయన మండిపడుతున్నాడు. వాళ్ల ఊళ్లో ఒకప్పుడు దేశం ఆడే మ్యాచులన్నీ ఉచితంగా వచ్చేవట, ఒక్కొక్కటీ పే చానళ్లకు పోయిందట. "జెండా మాది, జట్టు మాది, చూడటానికి టికెట్టా?" అంటాడు. దక్షిణాఫ్రికా ఆయన మాత్రం, నేను అక్కడా కడతాను ఇక్కడా కడతాను, ఆట బాగుంటే చాలు అన్నాడు. నేనూరుకుంటానా? "ఉచితమంటే ఎవరో కట్టారని అర్థం సార్. కెమెరా పట్టినవాడు గాలి తిని బతకడు కదా" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. అందరూ నవ్వారు.

అందరికంటే వెనక నిలబడ్డ మనిషి నవ్వలేదు, ఆలోచించాడు. తలుపు వెడల్పు భుజాలు, మెత్తటి గొంతు. పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవి ఆయన దేశం. ఆయన్ని ఇక్కడ జోసెఫా అందాం, అసలు పేరు అది కాదు. "మా ఊళ్లో ఆ కార్డు ఒక్క ఇంట్లోనే ఉంది" అన్నాడు. "మ్యాచ్ రోజున ఊరంతా ఆ ఇంటికి పోతుంది. చాపలు వేసుకుని కూర్చుంటాం. చేతిలో ఏదో ఒకటి పట్టుకుపోతాం, చేపో, కొబ్బరికాయో. ఎవరు కట్టారని ఎవరూ అడగరు."

ఆయన తమ్ముడు ఆ జట్టులో ఉన్నాడని అప్పుడే తెలిసింది. ఇంతవరకు ఒక్క మ్యాచులోనూ బరిలోకి దింపలేదట. తండ్రి పోయాక ఆ తమ్ముణ్ని పెంచింది, ఆడించింది ఈయనే. తమ్ముడు దేశం కోసం ఆడే మొదటి మ్యాచ్ తన కళ్లతో చూడాలి, ఈయన కోరిక అంతే.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున ప్రసాద్ గారి ఫోను. గొంతులో ప్రాణం లేదు. "మేడమ్ గారూ, తెర మీద కార్డు నిలిపివేయబడింది అని వస్తోందండి. పదిన్నరకు మ్యాచ్ అండి. ఆ జోసెఫా గారి తమ్ముడు ఇవాళ బెంచి మీద ఉన్నాడటండి, మధ్యలో బరిలోకి దింపొచ్చటండి."

ఆ రోజు బంద్. స్కూటరు తీసి అంజయ్యను వెనకాల ఎక్కించుకుని బయల్దేరితే, పెద్ద రోడ్డు మీద వంటా వార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పొయ్యిల మీద గంగాళాలు, చుట్టూ జనం, పాటలు. స్కూటరు అక్కడే వదిలి నడిచి వెళ్లాం.

గెస్ట్‌హౌస్ డైనింగ్ హాలు చావు ఇల్లులా ఉంది. విషయం ఏమిటంటే, అంతకుముందు మ్యాచ్ రోజున ఒక గెస్టు అందర్నీ నిలబెట్టి ఫోటో తీశాడు. వెనకాల తెర, తెర మూలన మెరుస్తున్న నంబరు, గోడ మీద గెస్ట్‌హౌస్ బోర్డు, అన్నీ పడ్డాయి. "ఇక్కడ రగ్బీ చూపిస్తారు, అందరూ రండి" అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు పుణ్యాత్ముడు. కంపెనీవాడు వచ్చి వెతికే పని కూడా మిగల్చలేదు.

"నేను చెప్పలేదా?" అన్నాను ప్రసాద్ గారితో.

"చెప్పారండి. తప్పు నాదే. ఇప్పుడెలాగండి?"

కంపెనీకి ఫోను చేశాను. ఆదివారం ఆ విభాగం పనిచేయదు. కమర్షియల్ కనెక్షన్ అంటే కాగితాలు, రెండు మూడు రోజులు. ఒకాయన లాప్‌టాప్ తెరిచి ఇంటర్నెట్‌లో వెతుకుతున్నాడు, చక్రం తిరుగుతోంది, ఆట రావడం లేదు. జోసెఫా మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జట్టు చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్లికి తయారైనట్టు ఉన్నాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"అక్కా, మీ ఇంట్లున్న కార్డు తెచ్చి ఈడ పెడితే?" అన్నాడు అంజయ్య.

"కంపెనీవాళ్ల కళ్లు ఇవాళ ఈ హాలు మీదే ఉంటాయి. నా కార్డు ఇక్కడ పెడితే కార్డూ పోతుంది, డీలర్‌షిప్పూ పోతుంది. నాతో పాటు నీ జీతమూ పోతుంది."

"మరి ఆయన తమ్మున్ని ఎట్ల జూస్తడక్కా?"

అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ఊరి మాట. కార్డు ఇక్కడికి రాకూడదు గానీ, మనుషులు కార్డు దగ్గరికి రావచ్చు కదా! ఏ నియమమూ అడ్డు రాదు. "లేవండి" అన్నాను గట్టిగా. "అందరూ మా ఇంటికి. మీరు నా చుట్టాలు."

మా ఇంటి కనెక్షన్‌కు స్పోర్ట్స్ ప్యాక్ లేదు. డీలరు ఫోను నుంచి యాక్టివేషన్ పంపాను. అంటే ఆకాశం నుంచి కార్డుకు ఆజ్ఞ అందాలి. అది అందేవరకు బాక్సు ఆపకుండా ఆ చానల్ మీదే ఉంచాలి. ఇంట్లో మా అత్తమ్మ ఒక్కతే ఉంది, ఆమె ప్రవచనం వినే వేళ.

"అత్తమ్మా, నేను చెప్పే నంబరు నొక్కి టీవీ అట్లే పెట్టు. మార్చొద్దు."

"నల్లగా ఉండాదే, ఏం బొమ్మ రాలేదే!"

"వస్తుంది. తాకొద్దు."

"ప్రవచనం సగంలో ఉండాది కదే."

"ఇంటికి చుట్టాలు వస్తున్నారు, అత్తమ్మా. పన్నెండుమంది."

"ముందే చెప్పొద్దా మొగం కడుక్కోను" అని ఫోను పెట్టేసింది.

రంగురంగుల చొక్కాల్లో పన్నెండుమంది తాటిచెట్ల లాంటి మనుషులు, ముందు నేను, వెనక ప్రసాద్ గారు మినపసున్నుండల డబ్బాతో. రోడ్డు మీదికి రాగానే వంటా వార్పు దగ్గర పాట ఆగింది. విదేశీయులు మద్దతుకు వచ్చారనుకున్నారు. "జై తెలంగాణ!" అని కేక పెట్టారు. జోసెఫా ఏమనుకున్నాడో, అంతకంటే పెద్ద గొంతుతో తిరిగి కేక పెట్టాడు. ఇక చూసుకోండి, చప్పట్లు, ఈలలు. నలుగురు వచ్చి చేతులు పట్టుకున్నారు, కూర్చోమన్నారు, విస్తళ్లు వేశారు.

"ఏందక్కా, యాడికి తీస్కవోతున్రు వీళ్లను? ఏ ఊరు మీది?" అని అడిగాడు కండువా వేసుకున్న పెద్దమనిషి.

"కడప" అన్నాను. అబద్ధమాడే అలవాటు నాకు లేదు. చుట్టూ ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు.

అంజయ్య ముందుకొచ్చాడు. "అన్నా, గీయన తమ్ముడు ఫస్ట్ టైం వాళ్ల దేశం దిక్కు ఆడుతుండు. ఈడ టీవీల రాకుంటయ్యింది. మా అక్క వాళ్లింట్ల చూపిస్తదట. జర తొవ్వ ఇయ్యున్రి."

పెద్దమనిషి జోసెఫాను పైనుంచి కిందికి చూశాడు. "తమ్ముడు ఆడుతున్నడా? మరి ఈడ నిలవెట్టి ముచ్చట్లేందిరా! జరుగున్రి, జరుగున్రి." తర్వాత నా వైపు తిరిగి, "కడపక్కా, అన్నం పెట్టకుండ పంపినం అనద్దు మల్ల" అని ఒక పెద్ద గిన్నె నిండా కిచిడీ అంజయ్య చేతిలో పెట్టించాడు.

మా గడప దాటేసరికి బొమ్మ వచ్చి ఉంది. యాక్టివేషన్ అందింది. అత్తమ్మ చాపలు పరిచి, కొత్త చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఆట చూస్తోంది. "ఏమే సరళా, ఇంతింత మనుషులకు మన చాపలు చాలుతాయా?" అంది. వాళ్లు మోకాళ్లు మడిచి సర్దుకున్నారు. కిచిడీ, సున్నుండలు మధ్యలో పెట్టాం. అంజయ్య కాసేపు చూసి, "ఇది మన కబడ్డీయే గదక్కా, కూత ఒక్కటే తక్వ" అని తేల్చేశాడు.

ఆట మాత్రం ఏకపక్షం. ఎదుటిది పెద్ద జట్టు, వీళ్లను చితక్కొడుతోంది. జోసెఫా కళ్లు ఆట మీద లేవు, కెమెరా ఎప్పుడు బెంచి వైపు తిరుగుతుందా అని చూస్తున్నాడు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ప్రసాద్ గారు "అయిపోయిందండీ" అని నెత్తి పట్టుకున్నారు. టీవీ ఆగలేదు. డిష్ దుకాణం నడుపుకునే మనిషిని, నా బాక్సుకు, టీవీకి యూపీఎస్ పెట్టుకోనా? "చూడండి, చూడండి" అన్నాను, ఏమీ జరగనట్టు.

చివరికి ఆ కుర్రాడు లేచాడు. గీత దాటి పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు. అన్న పోలికే. ఎదుటి జట్టులో అందరికంటే భారీ మనిషి బంతి పట్టుకుని దూసుకొస్తుంటే, ఈ పిల్లవాడు అడ్డం పోయి నడుం పట్టి నేలకు తెచ్చాడు. స్కాట్లండ్ ఆయన కేక పెట్టాడు, అంజయ్య ఈల వేశాడు, అత్తమ్మ చప్పట్లు కొట్టింది. జోసెఫా మాత్రం రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆట అయిపోయాక అత్తమ్మ అడిగింది, "గెలిచినారా?"

"ఓడిపోయారు, అత్తమ్మా."

"మరి ఏడుపెందుకు, సంబరమెందుకు? అడుగు ఆ పిల్లోన్ని."

అడిగాను. జోసెఫా చాప మీద చెయ్యి వేసి చెప్పాడు. "మా ఇంట్లో కార్డు లేదు. మా అమ్మ కూడా ఇప్పుడు ఆ కార్డున్న ఇంట్లో ఇలాగే చాప మీద కూర్చుని చూసి ఉంటుంది. ఇద్దరం ఒకేసారి చూశాం."

అత్తమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె లేచి వెళ్లి, గిన్నెలో మిగిలిన కిచిడీ ఆయన ముందు పెట్టి, "తిను నాయనా" అంది.

ప్రసాద్ గారు మరుసటి వారమే కమర్షియల్ కనెక్షన్ తీసుకున్నారు, ఈసారి బేరం ఆడలేదు. నా పనిలోనూ ఒకటి మారింది. అంతకుముందు కనెక్షన్ అడిగినవాళ్లను ఏ చానళ్లు కావాలి అని అడిగేదాన్ని. ఇప్పుడు ఎవరిని చూడాలి అని అడుగుతాను. జనం ముందు తెల్లబోతారు, తర్వాత చెబుతారు. దాన్ని బట్టి ప్యాక్ కడతాను, ఎవరికీ దండగ కాదు.

మా ఇంటి స్పోర్ట్స్ ప్యాక్ మాత్రం దండగే. ఆ కప్పు ముగిశాక తీసేయబోయాను. అత్తమ్మ రిమోటు ఒళ్లో పెట్టుకుని, చేతికి ఇవ్వలేదు.

"ఉండనీలే" అంది. "ఆ పిల్లోడు మళ్లీ ఆడితే, వాళ్లన్న యాడికి పోవాల?"