ఎండకెత్తి చూసే కూర్మయ్య బావ

పల్చటిదేది కనబడినా దాన్ని ఎండకెత్తి, ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో అందులోంచి లోకాన్ని చూడటం మా కూర్మయ్య బావ అలవాటు. అరిటాకు కావచ్చు, శుభలేఖ కావచ్చు, ఉల్లిపొర కావచ్చు. చూశాక తీర్పు చెప్పేవాడు. 1965 నుంచి 68 దాకా ఆ తీర్పు ఒక్కటే: "పనికిరాదు."

బావ అంటే మా అక్క నారాయణమ్మ మొగుడు. ఎయిర్‌ఫోర్సులో పదిహేనేళ్లు గుడ్డ రెక్కల విమానాలకు చిరుగులు పడితే కొత్త గుడ్డ వేసే పని చేసి, చీపురుపల్లి వచ్చి స్టేషన్ రోడ్డులో సైకిలు షాపు పెట్టాడు. షాపులో సైకిళ్లకంటే విమానాలే ఎక్కువ. జానెడువీ మూరెడువీ బొమ్మ విమానాలు దూలానికి వేలాడేవి. పంక్చరు కోసం వచ్చినవాడు తల వంచుకుని లోపలికి రావాలి. మా ఊళ్లో మొండిఘటాలు సైతం అంత వినయంగా దాటిన గుమ్మం మరొకటి లేదు.

నా పెళ్లి భోజనాల్లో బావ అప్పడం ఎత్తి సూర్యుడి కేసి చూశాడు. బంతిలో ఉన్న నలభైమందీ తినడం ఆపి, పురుగేమైనా పడిందేమోనని తమ తమ అప్పడాలు ఎత్తి చూశారు. మా మావగారు పరిగెత్తుకొచ్చారు.

"ఏటి బాబూ, ఏటైనాది?"

"ఏటీ లేదండి. నూనె పీల్చీసి బరువెక్కిపోనాది. రెక్కకి పనికిరాదు."

అక్కకు చీర కొనడానికి విజయనగరం వెళ్తే అక్కడా అంతే. కొట్టువాడు ఇష్టంగా పరిచిన చీర కొంగును బావ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేత సూస్తన్నారేటండి? గట్టి నేత."

"నేత కాదయ్యా, నువ్వు కనబడతన్నావా లేదా అని సూస్తన్నాను."

అక్క ఆ కొట్టు గుమ్మం మళ్లీ తొక్కలేదు. నేను కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫిల్ము నాకంటే ముందు బావే లాక్కుని కిటికీకి పట్టాడు. "ఒరే చినబాబూ, మరీ మందంరా ఇది," అన్నాడు దిగులుగా. ఎముక సంగతి డాక్టరుగారు తర్వాత చెప్పారు.

ఇదంతా ఒక పెద్ద విమానం కోసం. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు పదకొండు అడుగులు. ఇంజను లేదు, గాలి మీద తేలేది. లోపల పక్కటెముకల్లాగ నలభై వెదురు బద్దలు. చిన్న విమానాలన్నిటికీ రంగురంగుల గాలిపటం కాగితమే అంటించినవాడు, ఈ పెద్దదానికి మాత్రం పైన కప్పేది అద్దంలా ఉండాలని పట్టుబట్టాడు. ఎందుకని అడిగితే, "లోపల కనబడాల," అనేవాడు. అంతకు మించి చెప్పడు.

గాలిపటం కాగితం వేస్తే అంత పెద్ద రెక్క మీద మంచుకే చిరిగింది. సన్నటి పట్టుగుడ్డ గట్టిదే, కానీ వార్నిషు తాగి బరువెక్కింది, బద్దలు నీడల్లాగే కనబడ్డాయి. మిఠాయి పొట్లాల మీది గాజు కాగితం అద్దంలా ఉంది, ఒక మూల గీరుకుంటే చాలు ఆ చివరదాకా చీలిపోయింది. ప్లాస్టిక్ షీటు సాగి, తడిసిన పంచెలాగ వేలాడింది. బావ ప్రతిదాన్నీ తూచి, తడిపి, ఎండబెట్టి, వేలితో పొడిచి, చివరకు పారేసేవాడు.

చివరికి విశాఖపట్నంలో మోటార్లకు తీగ చుట్టే షాపులో ఒక చుట్ట కనబడింది. తీగల మధ్య వేసే పాలియెస్టర్ ఫిల్ము, ఉల్లిపొరంత సన్నం. బావ దాన్ని ఎండకెత్తాడు. షాపువాడు కనబడ్డాడు, వాడి వెనక కేలండరు కనబడింది, కేలండరులో తేదీ కూడా కనబడింది.

"పనికొస్తాది!" అని బావ కేక పెట్టాడు. షాపువాడు వెంటనే మోటారు కట్టేశాడు, షాకు కొట్టిందనుకుని.

ఇంటికి తెచ్చాక చాకలి సోములు దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె బావ అరువు తెచ్చాడు. వేడి తగిలితే ఫిల్ము బిగుస్తుందని బావ లెక్క. మొదటిసారి కన్నం పడింది. రెండోసారి ఎంత బిగిసిందంటే రెక్కే మెలి తిరిగింది. మూడోసారి బొగ్గులు తగ్గించి, అడుగున తడిగుడ్డతో తుడిచి, పసిపిల్ల వీపు నిమిరినట్టు పెట్టె నడిపాడు. ముడతలన్నీ మాయం. వేలితో కొడితే డప్పులాగ మోగింది.

ఆ మోత విని బెల్లం వ్యాపారి నరసింగరావుగారు వచ్చారు. ఎర్రటి పట్టుగుడ్డ తెప్పిస్తానన్నారు. "రెక్క మీద మా కొట్టు పేరు రాయించు కూర్మయ్యా, విజయనగరం ఎగ్జిబిషన్‌లో నీకు పెద్ద పందిరి నేనే ఏయిస్తాను."

"ఒద్దండి. లోపల కనబడాల."

ఆయన వెళ్లగానే అక్క విరుచుకుపడింది. "రంగు గుడ్డ ఏస్తే ఏటి పోద్ది? అస్తిపంజరం లాగ లోపలి బద్దలన్నీ ఊరికి సూపించాలేటి?"

"సూపించాల."

"ఎందుకు?"

"సూడ్డానికి."

అక్క రెండు రోజులు మాట్లాడలేదు. బావ ఆ రెండు రోజులూ రెండో రెక్కకు ఇస్త్రీ చేసుకున్నాడు.

ఓ ఉదయం ఊరి పక్క కొండ కింది దిబ్బ మీదికి విమానాన్ని మోశాం. కింద కోసిన చోడిచేలో ఊరంతా నిలబడింది. నరసింగరావుగారూ వచ్చారు, పడిపోతుందని చూడ్డానికి. వాళ్ల మధ్యకు బావ పంపిన బండిలో మేదర వీధి తవిటమ్మ దిగింది. మూడేళ్ల కిందట పక్షవాతంతో ఆమె ఎడమ చెయ్యి పడిపోయింది. అంతకుముందు మా ఊళ్లో ఆమె అల్లిన చేట లేని ఇల్లు లేదు. ఆ తర్వాత ఇంకేం చెయ్యగలదని ఎవరూ ఆమె గుమ్మం వైపు పోలేదు.

బావ గాలి వాటం చూసి, నాలుగడుగులు పరిగెత్తి వదిలాడు. విమానం ఒకసారి కిందకు జారింది. అంతలో గాలి అందుకుని లేచి, మెల్లగా చేను మీదుగా వచ్చింది. సరిగ్గా మా తలల మీద ఎండ రెక్కల్లోంచి దిగింది. నలభై బద్దలూ, వెంట్రుకంత సన్నటి అంచులతో సహా, ఆకాశంలో గీసినట్టు కనబడ్డాయి. విమానం చేను దాటి, గట్టు దాటి, గడ్డిలో కోడిపెట్టలా కూర్చుంది.

అందరం పరిగెత్తాం. నరసింగరావుగారు రెక్క మీదికి వంగి, "ఈ బద్దలు ఏ మిషను మీద తీయించినావయ్యా?" అన్నారు.

"మిషనేటండి! అదిగో, ఆయమ్మ," అన్నాడు బావ. "కాలికింద నొక్కిపెట్టి, ఒంటి చేత్తో సీల్చినాది. మూడేళ్లు. ఇంత సన్నంగా ఎయిర్‌ఫోర్సులో ఎవలూ సీల్చడం నాను సూడలేదు."

జనం రెక్కల్లోంచి బద్దలను చూశారు, బద్దల నుంచి తవిటమ్మను చూశారు. నరసింగరావుగారు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. ఎందుకు తీశారో ఆయనకే తెలిసినట్టు లేదు.

నేను బావ చెవిలో, "ఇన్నాళ్లూ మాతో సెప్పలేదేటి బావా?" అన్నాను.

"సెప్తే అయ్యోపాపం అంటారురా. సూస్తే అబ్బా అంటారు."

అక్క కళ్లు తుడుచుకుంటూ ఏదో అనబోయింది. అంతలో తవిటమ్మ గట్టిగా అరిచింది.

"ఓ బాబూ! ఇదేటి? ఈ ఎడం రెక్కలో మూడో బద్ద వంకర!"

"ఎక్కడే? ఎవలికీ కనబడదు."

"అద్దంలాటి కాయితం అంటించీసి కనబడదంటావేటి? ఊరందరూ సూస్తన్నారు. నా పరువు తీసీసినావు! రంగు గుడ్డ ఏస్తే తెలిసీది కాదు గదా!"

"ఎగిరొచ్చీసినాది గదే!"

"ఎగిరితే మాత్రం? వంకర వంకరే. ఇప్పీ!"

మర్నాడు పొద్దున్నే షాపు ముందు బావ అంత కష్టపడి బిగించిన ఫిల్మును బ్లేడుతో కోశాడు. పక్కనే పీట మీద తవిటమ్మ కొత్త బద్ద చీలుస్తోంది. స్టేషన్‌కు పోయేవాళ్లు సైకిళ్లు దిగి చుట్టూ మూగారు. రైలు కూత వినబడినా ఒక్కడూ కదల్లేదు.

"ఎండకి అడ్డం నిలబడకండి, బాబూ," అంది తవిటమ్మ తల ఎత్తకుండానే. పొమ్మని మాత్రం అనలేదు.