మూత తీయని మావయ్య

వాచీ మావయ్య ఇంటికొచ్చినవాళ్ళకు బిస్కెట్ల సీసా చేతికిస్తాడు గాని, చచ్చినా మూత తీసిపెట్టడు. పైగా ఆ మరమూతను తనే పళ్ళు బిగబట్టి మరీ బిగిస్తాడు. వస్తాదులు సైతం ఓసారి ఊపిరి పీల్చుకుని పట్టు పట్టాల్సిందే. వాళ్ళు దాంతో కుస్తీ పడుతుంటే, ఈయన ఎదురుగా కూర్చుని వాళ్ళ వేళ్ళకేసి కళ్ళార్పకుండా చూస్తుంటాడు.

"పిసినారి అనుకుంటారండీ," అని అత్తయ్య మొత్తుకునేది.

"అనుకోనీ. బిస్కెట్లు మిగుల్తాయి," అనేవాడాయన.

మేడమీద గదిలో కూర్చుని, మర నుంచి ముల్లు దాకా తన చేత్తోనే చేసి, ఏడాదికి మూడో నాలుగో వాచీలు తయారుచేస్తాడు. ఖరీదు వింటే కుర్చీ వెతుక్కోవాలి. లోపలెక్కడో, ఎవరికీ కనిపించని చక్రం అంచుకు మెరుగు తగ్గిందంటే చాలు, మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెడతాడు. కొడుకు పెళ్ళికి కావాలన్న ఒకాయనకు మనవడు బడికెళ్ళే నాటికి అందింది వాచీ.

ఒకరోజు టైపు టీచరమ్మ వచ్చింది. ఊళ్ళో సగం ఆఫీసులకు టైపు నేర్పిన మనిషి. ఆవిడ కోసం పాత శిష్యులంతా కలిసి చేయిస్తున్న వాచీ తయారై బల్లమీదే ఉంది.

"బ్యాటరీది కొనుక్కోమంటాడు మావాడు," అందావిడ. "కీ ఇచ్చుకోవడం నీవల్ల కాదమ్మా అంటాడు. పొద్దున్నే లేచి నా వాచీకి నేను కీ ఇచ్చుకోలేకపోతే, ఇంక నేనున్నట్టా లేనట్టా?"

మావయ్య సీసా అందించాడు.

ఆవిడ తిప్పింది. రుమాలు వేసి తిప్పింది. వేళ్ళు వంకర్లు పోయాయి గాని మూత కదల్లేదు. "నాకు తీపి పడదు లెండి," అని సీసా కింద పెట్టేసింది. అత్తయ్య ప్రాణం చివుక్కుమంది. తీసిద్దామని లేవబోతే మావయ్య కళ్ళతోనే ఆపేశాడు.

"వాచీ ఇంకా కాలేదండీ," అన్నాడు టీచరమ్మతో. "నా పనిలో లోపం దొరికింది. కొన్నాళ్ళు పడుతుంది."

"మీరు నా దగ్గర టైపు నేర్చుకుని ఉంటే మొదటి పరీక్షే గట్టెక్కేవారు కాదు," అని ఆవిడ విసవిసా మెట్లు దిగిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి అత్తయ్య అందుకుంది. "బుద్ధుందా మీకు? పెద్దావిడని అలా చిన్నబుచ్చుతారా? తయారైన వాచీ ఎదురుగా పెట్టుకుని కాలేదంటారా?"

మావయ్య వాచీ తీసి, పక్కనున్న కీ ఇచ్చే బొడిపె చూపించాడు. కందిగింజంత ఉంది.

"ఇది నీ వేళ్ళకి తిరుగుతుంది. ఆవిడ వేళ్ళకి తిరగదు. మీ వేళ్ళెలా ఉన్నాయని అడిగితే ఎవరైనా బాగున్నాయనే అంటారు. మూతయితే మొహమాటపడదు."

"అంటే, వచ్చినవాళ్ళందరికీ..."

"అందరికీ అంతే. ఎవరి వేళ్ళకి తగ్గ బొడిపె వాళ్ళకి."

అత్తయ్య సీసా దగ్గరికి లాక్కుని, మూత ఎంత బిగువుగా ఉందో తనూ తిప్పి చూసింది. ఒక్క బొడిపె మారిస్తే చాలదట, స్ప్రింగు మెత్తగా చుట్టుకోవాలంటే లోపలి చక్రాలూ మార్చాలట. ఆయన అప్పుడే విప్పడం మొదలుపెట్టాడు.

టీచరమ్మ మళ్ళీ వచ్చేసరికి వానలు వెలిశాయి. వాచీ అందుకుని, రెండు వేళ్ళమధ్య బొడిపె పట్టుకుని జంకుతూ తిప్పింది. మెత్తగా తిరిగింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ముఖం ఇంత చేసుకుని మళ్ళీ తిప్పింది.

"మావాడి ముందే కీ ఇస్తాను రేపు," అంది. వెంటనే గొంతు పెంచింది. "అయినా ఇంత చిన్నదానికి ఇన్నాళ్ళా? సోమరితనం కాకపోతే ఏమిటండీ ఇది?"

మావయ్య లోలోపల మురిసిపోతూ, తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు. అసలు సంగతి అత్తయ్య నాలుక చివరిదాకా వచ్చింది. టీచరమ్మ వేళ్ళకేసి చూసి మింగేసింది.

"ఏం చెప్పమంటారండీ," అంది నిట్టూరుస్తూ. "ఇన్నేళ్ళుగా నేనూ పడుతున్నాను. ఒట్టి బద్ధకస్తుడు."