"బావగారూ, ఒకసారి ఊదండి"

నిన్న పొద్దున జగ్గయ్యపేట నుంచి ఫోన్. సువార్త పిన్ని కూతురు.

"అన్నయ్యా, అమ్మ పోయింది" అంది.

చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో నన్ను తిట్టింది కదా. లడ్డూ తిన్నానని.

పిన్ని మాకు రక్తసంబంధం కాదు. నందిగామలో పక్కిల్లు. అమ్మని అక్కా అనేది, నాన్నని బావగారూ అనేది. ఆస్పత్రిలో ఆయాగా చేసేది.

అరవైల నాటి మాట. ప్రొహిబిషన్ రోజులు.

నాన్న మిషన్ స్కూల్లో టీచర్. ఉన్నట్టుండి చిక్కిపోయాడు. నడిస్తే తూలేవాడు, మాట ముద్దగా వచ్చేది. దగ్గరికెళ్తే నోట్లోంచి బాగా మగ్గిన పండు లాంటి తియ్యటి ఘాటు వాసన.

ఇంకేముంది, మాస్టారు దొంగసారా తాగుతున్నాడని ఊరంతా తేల్చేసింది. నాన్న కాదంటే నవ్వారు.

సిగ్గు విడిచి చెప్తున్నా. నేనూ నమ్మాను. పదేళ్ళవాణ్ణి. నాన్న పక్కలో పడుకోవడం మానేశాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు నాన్నని ముందుకి పిలిచి నిలబెట్టారు. తప్పు ఒప్పుకోకపోతే రేపటి నుంచి స్కూలుకి కూడా రావద్దన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి పిన్ని లేచి వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల.

అందరి ముందూ నాన్న మొహంలో మొహం పెట్టి, "బావగారూ, ఒకసారి ఊదండి" అంది.

నాన్న బిత్తరపోయి ఊదాడు. పెద్దలు తలలు తిప్పుకున్నారు.

"ఇది సారా కాదండి. చక్కెర జబ్బు ముదిరినోళ్ళ దగ్గర వచ్చే వాసన. మా వార్డులో చూస్తానే ఉన్నా. రేపటిదాకా ఆగితే మనిషి దక్కడు."

అప్పటికప్పుడు ఆస్పత్రికి మోసుకెళ్ళారు. మూత్రంలో మందు కలిపి కాగబెడితే ఇటుక రంగు తేలింది, అంటే చక్కెర నిండా ఉన్నట్టు. ఇన్సులిన్ పడ్డాక మూడో రోజుకి నాన్న లేచి కూర్చుని నన్ను పిలిచాడు. వెళ్ళి పక్కలో దూరాను.

పిన్నికేం దక్కిందంటారా? పరాయి మగాడి నోరు వాసన చూసిందని ఏడాది పాటు ఎకసెక్కాలు. బాబాయి కూడా నెల్లాళ్ళు మాట్లాడలేదట.

ఆవిడ లెక్కచేస్తేగా! రోజూ డ్యూటీకి వెళ్తూ మా గోడ దగ్గర ఆగి "ఊదండి బావగారూ" అనేది. నాన్న బుద్ధిగా వంగి ఊదేవాడు. అలా ఇంకో ఇరవయ్యేళ్ళు ఊదాడు.

తర్వాత నాకూ షుగర్ వచ్చింది. మెషీన్ కొన్నాను పిన్నీ, వేలు గుచ్చి చూసుకుంటున్నా అంటే, "అది సరేగానీ, ఊదు" అనేది. వీడియో కాల్‌లో వాసనెలా వస్తుంది అంటే వినేది కాదు. మొన్న కూడా ఊదాను. లడ్డూ తిన్నావు అంది. నిజంగానే తిన్నాను.

నిన్న మధ్యాహ్నం జగ్గయ్యపేట వెళ్ళాను. పిన్నిని పడుకోబెట్టిన పెట్టె దగ్గర వంగి, మొహంలో మొహం పెట్టి, అందరూ చూస్తుండగానే ఒకసారి ఊదాను.

పిన్ని ఏమీ అనలేదు.

ఇంకో ఇరవయ్యేళ్ళు నాన్నని మాకిచ్చావు పిన్నీ. ఇక డ్యూటీ దిగు. ప్రభువు దగ్గర హాయిగా నిద్రపో.