మకెరెటా బూబూ చెప్పుల తనిఖీ

మకెరెటా బూబూ, అంటే ఊరందరికీ మకెరెటా అవ్వ, ఎవరి ముఖమూ ముందు చూడదు. చెప్పులు చూస్తుంది. మనిషి ఎదురుగా నిలబడి పలకరిస్తున్నా ఆమె చూపు కిందికే పోతుంది. అందరూ లోపల చాపల మీద కూర్చుంటే ఆమె గుమ్మం బయట చెప్పుల గుట్ట ముందు చతికిలబడి ఒక్కొక్కటీ తిరగేస్తుంది. వాసన కూడా చూస్తుంది.

ఒకసారి చావింట్లో పాస్టరు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టగానే బయటినుంచి గొంతు వినిపించింది.

"పాస్టరు గారూ, మీ ఎడమ చెప్పు ఒకవైపే అరిగిందేంటి?"

"ఆమెన్ అన్నాక మాట్లాడదాం బూబూ!"

రంపపు మిల్లులో దుంగలు మోసే ఇసికెలికి ఆమె అంటే ఒళ్ళుమంట. అతని చెప్పులు రెండుసార్లు మాయమై, నాలుగు రోజులకు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాయి. మూడోసారి నుంచి చొక్కాలో దోపుకుని లోపలికి తెచ్చుకునేవాడు.

"ఏరా, గుడ్లు పొదుగుతున్నావా?" అని నవ్వేవాళ్ళు.

అతను దాస్తున్నది చెప్పులొక్కటే కాదు. కుడి పాదం కింద పుండు ఉంది. నొప్పి లేదు. అదే అతని భయం. తమ్ముడు అపిసాయికి కూడా నొప్పి లేని పుండే. షుగరన్నారు. పట్నం ఆసుపత్రికి రెండు కాళ్ళతో పోయినవాడు ఒంటికాలితో తిరిగొచ్చాడు.

ఆ ఏడాది రాజధాని సువా నుంచి విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చారు. పట్నంలో కంటే ఈ ఏటి పక్క ఊళ్ళలోనే కాళ్ళెందుకు ఎక్కువ పోతున్నాయో తెలుసుకోవాలట. జబ్బు ఎక్కువమందికి ఉందని తేలితే, పాదాలు చూసే నర్సును రెండేళ్ళు ఈ ఊళ్ళోనే ఉంచుతారట. వాళ్ళలో డాక్టర్ షబ్నం ఒక నర్సమ్మను వెంటబెట్టుకుని రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగింది.

"కాళ్ళలో ఏమైనా ఇబ్బందా?"

"లేదమ్మా, బాగున్నాం. ముందు టీ తాగండి."

ఇంటికొచ్చిన అతిథి ముందు ఏడుపు ముఖం పెట్టడం ఆ ఊళ్ళో లేదు. ఒంటికాలి అపిసాయి కూడా "దేవుడి దయ" అన్నాడు.

మూడోరోజు వీడ్కోలుకి అందరూ మర్యాదగా పంచుకు తాగే యంగోనా వేరు పానీయం గిన్నె చుట్టూ కూర్చున్నారు. షబ్నం కాగితాలు సంచిలో పెట్టేసుకుంది. "అపిసాయి ఒక్కడు తప్ప ఈ ఊరు ఆరోగ్యంగా ఉంది. మేం పక్క ఊరికి వెళ్తాం."

అప్పుడు బూబూ గోనెసంచి ఈడ్చుకుంటూ లోపలికి వచ్చింది. ఇరవై జతల చెప్పులు గిన్నె పక్కనే గుమ్మరించింది.

"బూబూ! గిన్నె ముందు చెప్పులా!" ఊరిపెద్ద లేచి నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా. నీవి కూడా ఉన్నాయి."

ఒకటి పైకెత్తింది. "మేడమ్, ఇది ఇసికెలిది. నిన్న మిల్లు దగ్గర వాడు కునుకు తీస్తుంటే తెచ్చా. అడుగునుంచి మేకు దిగింది, చూడు. తుప్పు పట్టింది. అంటే రోజుల తరబడి దీంతోనే నడిచాడు. స్పర్శ ఉన్నోడు నడుస్తాడా?"

"నిన్నటినుంచి వెతుకుతున్నా! నా చెప్పులు నా ఇష్టం!" ఇసికెలి అరిచాడు.

"కాలు కూడానా?"

మూలనుంచి అపిసాయి మెల్లగా అన్నాడు. "నేనూ అట్లాగే అన్నాను అన్నయ్యా. ఇప్పుడు ఎడమ చెప్పులన్నీ మిగిలిపోతున్నాయి. ఎవరికైనా కావాలా?"

ముందు ఊరిపెద్ద నవ్వాడు. తర్వాత తనే పాదం ముందుకు చాపి, "మేడమ్, ఈ బొటనవేలు నాకు తెలీటం లేదు" అన్నాడు. షబ్నం కాగితాలు మళ్ళీ బయటికి తీసింది. నర్సమ్మ పాదాలు పరీక్షించే సామాను వెనక గదిలో పరిచింది. ఒకరి తర్వాత ఒకరు పాదాలు చాపారు.

ఇసికెలి తన చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. లోపల మెత్తటి పొర ఉంది. బూబూ పాత పరుపు ముక్క కోసి, సన్నటి కుట్లు వేసి అతికించింది. మాయమై వచ్చాక ఎడమ కాలికి చెప్పు మెత్తగా ఎందుకు తగిలిందో అప్పుడర్థమైంది. పక్క జతల్లో వేలు పెట్టి చూశాడు. తొమ్మిదింటిలో అదే కుట్టు.

అయినా భయం పోలేదు. కాగితం తన దాకా రాకముందే మెల్లగా జారుకుందామని రెండు చెప్పులూ ఏరి పక్కన పెట్టుకుని, ముఖం తుడుచుకున్నాడు. చూస్తే చెప్పుల్లేవు.

"బూబూ! మళ్ళీనా?"

"వెనక గదిలో నర్సమ్మ దగ్గరున్నాయి. పోయి తెచ్చుకో."

ఇసికెలి తలుపు వైపు చూశాడు. తమ్ముడి వైపు చూశాడు. నిట్టూర్చి, వెనక గదిలోకి నడిచాడు.

బూబూ అప్పటికే గుమ్మం బయట చతికిలబడి ఉంది. "మేడమ్," అని కేక వేసింది. "నీ కుడి చెప్పు మడమ ఇంతలా అరిగిందేంటమ్మా? ఇట్లా రా, కూర్చో."