ముప్ఫై ఎనిమిదో పేజీ

నా మనవరాలు లెక్కల టీచరు. దానికి నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. ఉంది. బయటికి తియ్యదు, అంతే. ఎవరైనా ఏమైనా అంటే తల వంచుకుని ఊరుకుంటుంది. ఊరుకున్నదాన్ని మర్చిపోయిందనుకుంటారు వెర్రివాళ్ళు. అది నా పెంపకం. మేం మర్చిపోయే రకం కాదు.

ఏడేళ్ళపాటు అది పాఠాలు రాసుకుంది. వంటింట్లో నేను కూర తరుగుతుంటే గట్టు మీద ఇటు చివర కాయితాలు పరుచుకుని రాసేది. ప్రతి పాఠంలోనూ ఒక లెక్క కావాలని తప్పు చేసేది. ఎందుకే అంటే, "టీచరు తప్పు పట్టుకోవడమంటే పిల్లలకి పండగ అమ్మమ్మా. ఆ తప్పు కోసమైనా పాఠమంతా చదువుతారు" అనేది. ఏది తప్పో గుర్తుకి దాని పక్కన ఎర్ర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకునేది.

అప్పట్లో వాళ్ళ బడిలో దాని పైన ఒక మేడం ఉండేది. ముక్కు చూసి నేను చిలకముక్కు అని పేరు పెట్టాను. ఆవిడ ఒకరోజు, "నీ ఫైలు ఒక్క వారం ఇవ్వమ్మా, చూసి ఇస్తాను" అంది. ఇది ఇచ్చింది. మూడు వారాలకి అటెండరు చేత తిప్పి పంపింది. ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసి విమానమెక్కింది. పై దేశంలో ఏదో ఇంటర్నేషనల్ స్కూల్లో లెక్కల విభాగానికి పెద్దట. మూడేళ్ళకి ఆ పాఠాలన్నీ అక్కడ పుస్తకంగా అచ్చయ్యాయి. అట్ట మీద చిలకముక్కు పేరు, వెనక నవ్వు మొహం ఫొటో.

మనవరాలు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, అన్నీ విన్నాను.

"పిచ్చిపిల్లా, లెక్కలేమైనా నువ్వు కనిపెట్టావా? కూడికలకి కూడా సొంతదారులుంటారా?" అంది ఆవిడ.

ఇది సరే మేడం అని ఫోన్ పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఫైలు పట్టుకెళ్ళి పదిమందికీ చూపించవే అన్నాను. "నేను చెప్తుంటే నువ్వు రాశావు అంటుంది అమ్మమ్మా" అంది. తర్వాత కాయితాల్లో ఏదో వెతుక్కుంటూ చాలాసేపు కూర్చుంది. నెల తిరక్కుండా అదే స్కూల్లో ఉద్యోగానికి పెట్టుకుంది. ప్రిన్సిపాల్ కంప్యూటర్లోనే మాట్లాడి, రమ్మన్నాడు. ఒక్కత్తినీ పంపడమెందుకని నేనూ వెంట వెళ్ళాను. తోడు కోసమని చెప్పాను అందరికీ. చూడ్డానికి వెళ్ళాను.

స్కూలువాళ్ళు నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లిచ్చారు. కిటికీలోంచి బస్సులు నిలబడే చోటు కనిపిస్తుంది. మొదటిరోజు మనవరాలు మెడలో కొత్త కార్డు వేసుకుని వెళ్ళి సాయంత్రం వచ్చింది.

"ఏమందే?"

"పాతవి తవ్వుకోవద్దంది. ఆర్నెల్లయ్యాక నా ఉద్యోగం ఖాయం చేసే కాయితం మీద సంతకం పెట్టేది తనేనంది. పెట్టకపోతే ఇంటికేనట."

"నువ్వేమన్నావు?"

"సరే మేడం అన్నాను."

ఆ సరే మేడం వింటే నాకు ఆకలి వేసింది. చాన్నాళ్ళ తర్వాత కడుపునిండా తిన్నాను.

ఆ స్కూల్లో ఒక పద్ధతుంది. కొత్త టీచరు మొదటి వారంలో ఒకరోజు అందరి ముందూ పాఠం చెప్పాలి. పిల్లల తల్లిదండ్రులు, ప్రిన్సిపాల్, విభాగం పెద్ద, టీచరు ఇంటివాళ్ళు కూడా వెనక కూర్చోవచ్చు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని చివరి వరసలో కూర్చున్నాను. అక్కడ మాట్లాడేది ఇంగ్లీషే. నాకు రాదు. కానీ అంకెలు ఎక్కడైనా అంకెలే. మాటలు తర్వాత అది చెప్తే తెలిశాయి.

ఆ పిల్లలు చదివేది చిలకముక్కు పుస్తకమే. నా మనవరాలు అందులో పదకొండో పేజీ తియ్యమంది. పుస్తకంలో ఉన్నదున్నట్టు బోర్డు మీద వేసింది. సగమూ మూడోవంతూ కలిపితే ఐదింట రెండు వంతులట. ఒక జడల పిల్ల చెయ్యెత్తి, "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేంటి టీచర్?" అంది. గదంతా నవ్వింది.

"అచ్చుతప్పు" అంది వెనకనుంచి చిలకముక్కు.

"సరే మేడం" అని ఇది ఇరవై మూడో పేజీ తియ్యమంది. అక్కడా ఒకటి దొరికింది. ముప్ఫయ్యో పేజీలో ఇంకోటి. పిల్లలు బెంచీల మీదికి ఎక్కుతున్నారు. తల్లిదండ్రులు కూడా పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని వెతకడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ లేచి, పాఠానికొకటి చొప్పున అచ్చుతప్పు ఎలా పడుతుందని అడిగాడు.

"అవి అచ్చుతప్పులు కావండీ" అంది నా మనవరాలు. "పిల్లలు పట్టుకోవాలని రాసినవాళ్ళు పెట్టినవి. ఎక్కడ పెట్టారో రాసినవాళ్ళకి తెలుస్తుంది. ముప్ఫై ఎనిమిదో పేజీలో ఎక్కడుందో మేడంగారు చెప్తారు."

చిలకముక్కు పేజీ తీసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. పాపం, ఎర్ర చుక్కలు జెరాక్సులో నల్లబడి సిరా మరకల్లా కనిపించి ఉంటాయి, తుడిపించేసింది. గోడ గడియారంలో ముల్లు నాలుగు నిమిషాలు నడిచింది. నేను ఒక్కటీ వదలకుండా చూశాను.

నా మనవరాలి చేతిలో పుస్తకం కూడా లేదు. "మూడో వరస. మూడు మూళ్ళు తొమ్మిది అని ఉండాలి. నేను ఆరు వేశాను" అంది.

అందరూ పేజీలోకి చూశారు. తర్వాత చిలకముక్కు వైపు చూశారు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చింది. నేను కుర్చీ వేశాను, మంచినీళ్ళిచ్చాను. మర్యాదకేం లోటు చెయ్యలేదు.

"ఇద్దరం కలిసి రాశామని చెప్పమ్మా. నా పిల్లలిద్దరూ ఇక్కడే చదువుతున్నారు" అంది. దానివైపు నుంచి నావైపు తిరిగింది. "పెద్దవారు, మీరైనా చెప్పండమ్మా."

"నాకు లెక్కలు రావమ్మా" అన్నాను.

మనవరాలు తెల్లకాయితం, పెన్ను ముందు పెట్టింది. "ఇందులో ఏదీ మీరు రాయలేదని రాయండి మేడం. తల్లిదండ్రులందరికీ వెళ్తుంది."

రాసింది. ఇది చదివి, ఎర్ర పెన్సిలుతో రెండుచోట్ల గీత పెట్టి, "'సహాయం తీసుకున్నాను' కాదు మేడం. 'తీసుకున్నాను' అంతే" అని వెనక్కిచ్చింది. మళ్ళీ రాసింది. మూడోసారికి కుదిరింది. ఆవిడ మళ్ళీ మళ్ళీ రాస్తుంటే జాలి పడదామనే చూశాను. రాలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?" అంది.

"ఇంకా లేదు మేడం. రేపు మొదటి పీరియడ్‌లో పిల్లలకి మీరే చదివి వినిపించాలి. ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడాను."

మర్నాడు కూడా నేను చివరి వరసలోనే కూర్చున్నాను. చిలకముక్కు బోర్డు ముందు నిలబడి కాయితం చదువుతోంది. సగం అయ్యాక నేను లేచి, "వెనక్కి వినపడ్డం లేదమ్మా" అన్నాను, తెలుగులోనే. ఆ గదిలో నా మాట అర్థమయింది ఇద్దరికే.

నా మనవరాలు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. చిలకముక్కు గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.