మగ్గానికి రెండో మనిషి

హెచ్.ఐ.వి. పరిశోధనలకు విదేశాల నుంచి వచ్చే నిధులు ఆగిపోయాయని మొన్న పేపర్లో, బంగారు నగల ప్రకటన కింద చిన్నగా వేశారు. మన వయసువాళ్లు ఎటూ ఏ మూలా వదలకుండా చదువుతారు కాబట్టి నా కంట పడింది. కాఫీ చల్లారిపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అలాంటి నిధులతో నడిచే ఒక పరిశోధనలో నేను హిందూపురంలో పనిచేసేవాణ్ణి. ఎమ్మెస్సీ చదివినందుకు నాకు దొరికిన పని, ప్యాసింజరు బండిలో పెనుకొండకో ధర్మవరానికో పోయి, ముక్కూ మొహం తెలియనివాళ్లను కూర్చోబెట్టుకుని, కట్టుకున్న పెళ్లాం కూడా అడగని ప్రశ్నలు అడగడం. జబ్బు ఉన్నవాళ్లలో కొందరిని ఎంపిక చేసి, బయట కొనాలంటే ఇల్లమ్ముకోవాల్సిన మందులను ఉచితంగా ఇచ్చేవారు. మాకు మర్యాద బాగానే ఉండేది. మేం వస్తుంటే జనం దారి ఇచ్చి, చాలా దూరంగా నిలబడేవాళ్లు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా అక్కకు ఆ జబ్బు ఉందని బావ పోయిన తర్వాతే తెలిసింది. చీరలు అమ్ముతూ ఊళ్లు తిరిగిన బావ ఆమెకు మిగిల్చిపోయింది ఒక మగ్గం, ఈ జబ్బు. పెద్ద అంచు చీర నేయాలంటే పక్కన కూర్చుని అంచు వైపు అడ్డదారం లాగే నాడె విసిరే రెండో మనిషి ఉండాలి. సంగతి వీధిలో పొక్కాక అక్క పక్కన కూర్చోవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఆమెకు కూడా మందులు ఇవ్వమని మా డాక్టరుగారిని అడిగితే, ఆయన మంచివాడే, నా భుజం మీద చెయ్యేసి, ఉద్యోగుల బంధువులను తీసుకోకూడదనే నియమం ఉందన్నాడు. అక్కతో బంధుత్వం మానుకోవడం కుదరదు కాబట్టి ఉద్యోగం మానుకున్నాను.

అక్క నన్ను చూసి మగ్గం దిగనైనా దిగలేదు.

"ఏమప్పా, ఉండే ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చినావంటనే? అంత సదువుకోని ఏం చేస్తావు ఈడ?"

"నీ పక్కన కూర్చోని అంచు నేస్తా."

"నువ్వా! నువ్వు నేసిన చీర కట్టుకునేదానికి శానా ధైర్యం ఉండల్ల," అని తల తిప్పుకుని చాలాసేపు దారాలు సర్దింది.

మందులు మొదలయ్యాక అక్క మొహంలో రంగు తిరిగింది, చేతులకు వేగం వచ్చింది, నా తప్పులకు తిట్లు కూడా బలంగానే పడేవి. అవి వింటుంటే ప్రమోషన్ వచ్చినంత సంతోషంగా ఉండేది. మరుసటి ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో, పరిశోధన గడువు ముగిసిందనీ, కొత్త నిధులు వచ్చేదాకా మందులు ఉండవనీ చెప్పారు. హిందూపురం పోయి డాక్టరుగారిని బతిమాలాను, చేతులు పట్టుకున్నాను, కాళ్లొక్కటే మిగిలాయి. ఆయన ఖాళీ బీరువా తెరిచి చూపించి, నా పక్కనే కూలబడిపోయాడు. పరిశోధన ఫలితాలు మాత్రం చాలా ఆశాజనకంగా ఉన్నాయట.

ఇంట్లో అమ్మదగినవన్నీ అమ్మి కొన్నాళ్లు బెంగుళూరులో మందులు కొన్నాం. చివరికి మగ్గం కూడా పోయింది. ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వబోతోందట, కాస్త ఆగమంటే అక్క ఆగలేదు. మా ఇంట్లో అందరికీ తొందరెక్కువ.

ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఆ మందులు నెలనెలా ఇస్తున్నారు. తీసుకునేవాళ్లు పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు, మనవళ్లను ఎత్తుకుంటున్నారు, మోకాళ్ల నొప్పులని విసుక్కుంటున్నారు. ఆ మందులు మన ఊళ్లలోనూ పనిచేస్తాయని తేల్చిన లెక్కల్లో ఎక్కడో మా అక్క కూడా ఒక అంకె అయి ఉంటుంది. ఆమె కూడా ఈపాటికి మోకాళ్ల నొప్పులతో నా ప్రాణం తోడేస్తూ ఉంటే బాగుండేది. అంతకంటే పెద్ద కోరికలేమీ లేవు నాకు.